అంటిపెట్టుకున్నవాళ్ళు

పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకి గౌరినాయుడు మొదటిసారి తనే కాఫీ కలిపి తెచ్చి చేతికిచ్చిన రోజు, సుభాషిణికి కలిగింది సంతోషం కాదు, అనుమానం. గ్లాసులోకి చూసింది. మొగుడి మొహంలోకి చూసింది. పంచదార సరిగ్గా తను తాగేంతే పడింది. అది మరీ అనుమానంగా తోచింది. తనెన్ని చెంచాలు వేసుకుంటుందో ఈయన ఎప్పుడైనా గమనించాడని ఆమె అనుకోలేదు.

"ఏటలా చూస్తన్నావు? బాలేదా?" అన్నాడు గౌరినాయుడు.

"బాగుంది. ఎందుకు కలిపారు?"

"ఊరికే."

ఊరికే అన్న మాటని ఏ భార్యా నమ్మదు. అందులోనూ సుభాషిణి సైంటిస్టు. లోకంలో ఊరికే జరిగేది ఒక్కటైనా ఉంటే ఆమెకి ఉద్యోగమే ఉండేది కాదు.

నిజానికి ఈపాటికి ఈ మనిషి ఆమెకి మొగుడు కాకుండా పోయి ఉండాలి. గౌరినాయుడు విశాఖ రేవులో టగ్గు మీద ఇంజనీరు. పెద్ద ఓడల్ని తాడు కట్టి లోపలికి లాక్కొచ్చే పడవ అది. ఆమె భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఉన్న ఓ పరిశోధనశాలలో పన్నెండేళ్ళుగా పురుగుల్ని చూస్తూ కూర్చుంది. పిల్లల్లేరు. "నీకు నేనక్కర్లేదు, ఆ పురుగులుంటే చాలు" అని ఆయన నాలుగేళ్ళ కిందట రేవు క్వార్టర్స్‌లోకి మకాం మార్చేశాడు. మొదట్లో ఆదివారాలు వచ్చి పోట్లాడి వెళ్ళేవాడు. తర్వాత పోట్లాడ్డానికి కూడా రావడం మానేశాడు. చివరికి ఇద్దరూ మర్యాదగా కూర్చుని, మర్యాదగా విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టారు.

కోర్టు తేదీ ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఓడకి కట్టిన ఉక్కు తాడు తెగి వచ్చి గౌరినాయుడి పొట్ట మీద కొట్టింది. లోపల కాలేయం చీలింది. కుట్టు వేస్తే కుట్టు దగ్గర తెగుతోంది, నెత్తురు ఆగడం లేదు. ఆపరేషన్ బల్ల దగ్గర నుంచి డాక్టరు ఫోన్ చేసింది భార్యగా సుభాషిణికి కాదు, ఆమె ఫ్రిజ్‌లో ఉన్న జిగురు కోసం. తడిలో అంటుకుని, నెత్తురులో కూడా ఊడకుండా ఉండే జిగురు ఆ ఊళ్ళో అదొక్కటే ఉంది. ఆమె కారులో అది పట్టుకెళ్ళి, భార్య అన్న చోట సంతకం పెట్టింది. నాలుగు నిమిషాల్లో నెత్తురు కట్టింది. జిగురు ప్రయోగంలో గౌరినాయుడు పద్నాలుగో మనిషి అయ్యాడు.

చూసుకునే దిక్కు లేక ఆమె ఇంటికే తెచ్చుకుంది. తిరగ్గలిగితే వెళ్ళిపోతాడనుకుంది. రెండు నెలలైంది. వెళ్ళిపోవడం మాట దేవుడెరుగు, ఆమె గది మారితే తనూ గది మారుతున్నాడు. ఆమె వంటింట్లో ఉంటే గుమ్మంలో స్టూలు వేసుకుంటాడు. చదువుకుంటుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటాడు. ఏం మాట్లాడడు. ఆ చేతిని మాత్రం వదలడు.

సుభాషిణి చెయ్యాల్సినవన్నీ చేసింది. చొక్కా జేబులు వెతికింది. ఫోన్ చూసింది. టగ్గు మీద ఆయనతో పనిచేసే అతనికి ఫోన్ చేసి, ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టే అడుగుతూ, రేవులో ఎవరైనా ఆడమనిషి ఉందేమోనని ఆరా తీసింది. ఎవరూ లేరు. తప్పు చేసిన మొగుడైతే బాగుండును, కాఫీకి ఓ లెక్క దొరికేది. ఆ లెక్క దొరక్క ఆమెకి నిద్ర పట్టలేదు. పోనీ నిజంగానే మారాడేమో, చావు తప్పినవాడికి భార్య విలువ తెలిసిందేమో అని ఓ పక్కన ఆశ. ఆ ఆశంటే ఆమెకి ఇంకా భయం.

*

పడవల అడుగున తెల్లగా, గరుకుగా కరుచుకుని ఉండే వాటిని రేవులో గుల్లలంటారు. పుస్తకాల్లో బార్నకిల్స్. ఉలి పెట్టి కొట్టినా ఊడవు. అవి అలా కరుచుకోక ముందు, ఆవగింజలో నాలుగోవంతు ఉండే పిల్ల పురుగులుగా సముద్రంలో తిరుగుతాయి. సుభాషిణి చూసేది వాటిని.

కాఫీ తాగి వచ్చిన ఆ పొద్దున కూడా గాజుపలక మీద ఒకటి నడుస్తోంది. దానికి మీసాలే కాళ్ళు. ఒక మీసం ఆన్చి, రెండోది ఎత్తి, అచ్చం కొత్త ఇల్లు చూడ్డానికి వచ్చిన మనిషిలా అటూ ఇటూ తిరిగి చూస్తుంది. ఆనిన ప్రతి చోటా కంటికి కనపడని జిగట అడుగుజాడ ఒకటి మిగులుతుంది. వెనకాల వచ్చేది ఆ జాడ దగ్గర ఆగుతుంది. ముందొకరు నడిచిన చోటంటే వాటికి నమ్మకం. అలా వెతికే రోజుల్లో అది తిండి తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు అయిపోయేలోగా చోటు దొరకాలి. దొరికిందా, తలకిందులుగా నిలబడి, ముందు ఓ నూనె బొట్టు వదిలి అక్కడి నీటిని తోసేసి, ఆ వెంటనే జిగురు వదులుతుంది. ఇక జన్మలో అక్కణ్ణించి కదలదు.

ఆ జిగురే మనుషుల గాయాలకి పనికొచ్చింది. అసలు ఆ లేబ్ పెట్టింది ఓడలకి గుల్లలు పట్టకుండా చూడటానికి. ఆ జాడల్ని కరిగించే మందు కూడా అక్కడే తయారైంది. దాన్ని కడుగుడు మందు అనేవాళ్ళు.

సుభాషిణి పనిచేసే గదిలో సబ్బు నిషేధం. నురగ ఒక్క చుక్క పురుగుల్ని పెంచే తొట్టెలో పడితే పిల్ల పురుగులన్నీ చచ్చి తేల్తాయి. గ్లవ్స్‌కుండే పొడితోనూ అదే గొడవ. అందుకని ఆమె పన్నెండేళ్ళుగా వట్టి చేతులతోనే తొట్లలో చేతులు పెట్టి, సముద్రపు నీళ్ళతోనే కడుక్కునేది. ఇంటికెళ్ళాక ఎంత తోముకున్నా ఆ జాడలు సబ్బుకి పోయే రకం కాదని ఆమెకి తెలుసు. తెలిసిన విషయాన్ని తన చేతుల మీద పెట్టి చూసుకోవాలని మాత్రం ఆమెకి తట్టలేదు.

*

మద్రాసులో మూడు రోజుల సదస్సు పడింది. గౌరినాయుడు తనతో వస్తానని గొడవ పెడతాడేమో అనుకుంది. స్టేషన్ దాకా వచ్చి, చెయ్యి పట్టుకుని, బండి కదిలేదాకా వదల్లేదు. ఆ తర్వాత మూడు రోజుల్లో ఒక్క ఫోన్ చెయ్యలేదు. ఈమె చేస్తే ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొస్తే తాళం. పక్కింటావిడ, రోజూ పొద్దున్నే ఆటో ఎక్కి ఎక్కడికో వెళ్తున్నాడని చెప్పి, అడక్కుండానే జాలి చూపు కూడా చూసింది. సుభాషిణికి మొహం మండిపోయింది. వీధి చివర ఆటోస్టాండులో అడిగితే జాలారిపేట అన్నారు. దొరికాడు దొంగ అనుకుంది. ఏడవాలో, ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు.

జాలారిపేటలో వాళ్ళు చూపించిన ఇంటి అరుగు మీద ఆడమనిషెవరూ లేరు. గౌరినాయుడూ, ఇంకో మగాడూ భుజాలు ఆన్చుకుని కూర్చున్నారు. ఆ రెండోవాణ్ణి ఆమె గుర్తుపట్టింది. ఎల్లాజీ. మరపడవ పంకా రెక్క తొడ కోసేస్తే జిగురు పెట్టి బతికించిన తొమ్మిదో మనిషి.

ఎల్లాజీ భార్య పోలమ్మ చేపల తట్ట దించి బయటికొచ్చింది. "మీ ఆయనేనా అమ్మా? మూడు దినాల్నుంచి పొద్దున్నే వచ్చీసి సందేల దాకా కూకుంటన్నాడు. మాటా నేదు, పలుకూ నేదు. మా ఓడికి ఎలాగ తెలుసునేటి?"

"ఆసుపత్రి చెకప్‌లో చూసి ఉంటారు. అంతే."

"మా ఓడు ఒకప్పుడు ఇంటికాడ పూట ఉండీవోడు కాదు. ఇప్పుడు అరుగు దిగడు. మొదట్లో నాకూ బాగానే ఉండీది. ఎంతకాలమని సంతోషపడతాం అమ్మా? బయమేస్తంది."

సుభాషిణి దగ్గరికెళ్ళి గౌరినాయుడి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తలెత్తి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, అప్పటిదాకా తనకెవరూ కానట్టు ఎల్లాజీని వదిలేసి లేచి వచ్చేశాడు. ఆటోలో ఆమె ఒక్క ప్రశ్నే అడిగింది. "అక్కడికెందుకు వెళ్ళారు?"

"ఏటో, అక్కడ నెమ్మదిగా ఉంటది. నీ పక్కన ఉన్నట్టే ఉంటది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలిసింది.

*

శనివారం పొద్దున సుభాషిణి లేబ్‌కి వెళ్ళి, ప్రయోగం ఫైళ్ళన్నీ దించింది. పద్నాలుగుమంది రోగుల ఇళ్ళకీ నెలనెలా వెళ్ళి కాగితాలు నింపుకొచ్చేది నర్సు బంగారమ్మ. తెలుగులో ఆమె రాసిన వాటిని ఆఫీసులో గుమస్తా ఒకతను ఇంగ్లీషు చేసేవాడు. సుభాషిణితో సహా సైంటిస్టులందరూ చదివేది ఆ ఇంగ్లీషునే. అందులో తొమ్మిది మంది పేర్ల ఎదురుగా ఒకటే మాట ఉంది. అడ్హిషన్. ఆపరేషన్ తర్వాత కడుపులో పేగులు ఒకదానికొకటి అతుక్కుపోతే డాక్టర్లు అనే మాట అది. భయపడి తొమ్మిది మందికీ స్కాన్ చేయించారు. ఎక్కడా ఏ పేగూ అతుక్కుని లేదు. సంతోషించి ఆ సంగతి మూసేశారు.

ఆమె అడుగునున్న తెలుగు కాగితాలు తీసింది. బంగారమ్మ గుండ్రటి చేతిరాత. మందు పెట్టాక రోగిలో కనిపించిన మార్పులు అన్న చోట, మూడో మనిషికి: పెళ్ళాన్ని అంటిపెట్టుకుని ఉంటున్నాడు. ఏడో మనిషికి: తల్లిని అంటిపెట్టుకుని ఉంటున్నది. తొమ్మిదికి: అరుగుని అంటిపెట్టుకుని ఉంటున్నాడు. ఇలా వరసగా.

సుభాషిణి నవ్వింది. గుమస్తా నిఘంటువు చూసి అంటుకోవడాన్ని అంటుకోవడంగానే ఇంగ్లీషులోకి దించాడు. అతని తప్పేముంది? నవ్వుతూనే ఆ కాగితాలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తొమ్మిది.

బంగారమ్మని పిలిచి అడిగింది.

"నాను తప్పు రాయనేదమ్మా. ఆళ్ళు ఏటంటే అదే రాసినాను. ఇంకోటి కూడా చెప్దునా? చెకప్పు దినాన అందరూ ఒక్క బల్ల మీదే ఇరుక్కోని కూకుంటారు. మిగతా బల్లలు కాళీగానే ఉంటాయి. నాను సెప్తే పురుసోత్తం బాబు నవ్వీసినారు."

పురుషోత్తం లేబ్ డైరెక్టరు. రెండు వారాల్లో జిగురుని దేశమంతటా వాడటానికి అనుమతి ఇచ్చే సమావేశం ఉంది. సుభాషిణి ఆయన ముందు కాగితాలు పరిచింది. జిగురుతో పాటు జాడల పదార్థం కూడా ఒంట్లోకి వెళ్తోందనీ, రోగుల చెమటలో వచ్చి పక్కవాళ్ళకీ, కూర్చున్న చోటికీ అంటుతోందనీ, ఎవరి మీద ఆ జాడ ఎక్కువుంటే వాళ్ళ దగ్గరికి చేరుతున్నారనీ చెప్పింది.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మొగుడు ఇంటి పట్టున ఉంటే దాన్ని సైడ్ ఎఫెక్ట్ అంటామా సుభాషిణి గారూ? రిపోర్టు చూసి నలుగురూ నవ్విపోతారు. సమావేశం కానివ్వండి. తర్వాత తీరిగ్గా చూద్దాం."

అంతా విన్నాక మనిషి ఆశ్చర్యపోవాలి కదా. ఈయన ఆశ్చర్యపోలేదు. ఆమెకి అక్కడ తట్టింది. తిన్నగా చల్లగదిలోకి వెళ్ళి, ఆయన అల్మారా తెరిచింది. కింది అరలో, గుడ్డ కింద, కడుగుడు మందు. ఓడలకి పూసేది కాదు, నరంలోకి ఎక్కించేది. లేబుల్ మీద తేదీ మూడు వారాల కిందటిది. సీసాలు లెక్కపెట్టింది. పద్నాలుగు.

ఆయనకి ముందే తెలుసు. అది దుర్మార్గమని ఆమెకి ఏ సందేహమూ లేదు. ఆ సీసా ఒకటి తీసి బయటికి పరిగెత్తాల్సింది. తలుపు వేసి వచ్చేసింది. ముందు ఒక్క పరీక్ష చేసి చూసుకోవాలి, ఒక్కటంటే ఒక్కటి, అనుకుంది.

ఓడల మందు బకెట్లో కలిపి, మోచేతుల దాకా చేతులు ముంచి, మొహం కడుక్కుని, లేబ్‌లో తన అల్మారాలో ఉన్న కొత్త చీర కట్టుకుని సాయంత్రం ఐదింటికి ఇంటికెళ్ళింది. గౌరినాయుడు తలుపు తీశాడు.

"వచ్చావా. తిన్నావా?" అన్నాడు. పక్కకి తప్పుకున్నాడు. వెళ్ళి దూరంగా ఉన్న కుర్చీలో కూర్చుని పేపరు తీశాడు. నాలుగేళ్ళ కిందటి ఆదివారాల్లో కూర్చున్నట్టే కూర్చున్నాడు. కోపం లేదు, ఇష్టమూ లేదు. ఇంటికొచ్చిన చుట్టం ఎదుట ఇబ్బందిపడే మనిషిలా ఉన్నాడు.

కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళి చూసింది. తాడు మీద తన లేబ్ కోటు ఆరేసి ఉంది. గౌరినాయుడు దాని చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఆరిందా లేదా అని చూస్తన్నాను."

ఆ కోటు ఆరి ఐదు రోజులైంది. సుభాషిణి వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తన మీద పోటీకి మనిషైనా వచ్చింది కాదు, కోటు వచ్చింది.

*

మర్నాడు ఆదివారం. లేబ్‌కి సెలవు. ఆమె వెళ్ళింది. తొట్టి మూత తీసి, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, అరగంట సేపు అలాగే ఉంచింది. తడి చేతులు తుడుచుకోకుండా ఇంటికొచ్చింది. గౌరినాయుడు గుమ్మంలోనే ఆ చేతులు అందుకున్నాడు.

ఎందుకు చేసిందంటే చేసింది. పెళ్ళయిన పదహారో ఏడు దాకా ఎదురుచూసి, పదిహేడో ఏట మానేసిన దాన్ని ఎవరో వాకిట్లోకి తెచ్చి పెడితే, ఇది దొంగసొమ్మని తెలిసినా చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. సమావేశం కానిమ్మని పురుషోత్తం గారే చెప్పారు కదా అనుకుంది. ఆయన అబద్ధం ఆమెకి ఇప్పుడు బాగా ఉపయోగపడింది. ఆ వారమంతా పెద్ద తొట్టె దగ్గరే పని పెట్టుకుంది. సాయంత్రాలు ఇద్దరూ రామకృష్ణా బీచ్‌లో నడిచారు. ఆయన తన చిన్నప్పటి కబుర్లు చెప్పాడు. పెళ్ళిలో ఆమె తలంబ్రాలు కావాలని కంట్లో పోసిందని ఇన్నాళ్ళూ అనుకున్నానన్నాడు. అది కూడా పురుగే చెప్పించిందా అని ఆమె మొహంలోకి వెతుక్కుంటూ నవ్వింది.

ఆ ఆదివారం నుంచి ఎనిమిదో రోజున, ఆయన కంచంలో అన్నం సగం వదిలేస్తున్నాడని చూసింది. అడిగితే ఆకలి లేదన్నాడు. బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకున్నాడు. ఆ మధ్యాహ్నమే బంగారమ్మ ఫోన్ చేసింది.

"ఎల్లాజీ ముద్ద ముట్టడం నేదంటమ్మా. పోలమ్మ నోట్లో పెడితే ఉమ్మీసినాడంట. మంచినీళ్ళు కూడా బలవంతం మీదే. ఓపాలి రండి."

చోటు వెతుక్కునే రోజుల్లో ఆ పురుగు తిండి తినదు. ఆ వాక్యం సుభాషిణే రాసింది, ఆమె పుస్తకం మొదటి పేజీలో ఉంది. రేపు చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. రేపు అంటే తొమ్మిదో రోజు. ఆ రోజు సమావేశానికి కాగితాలు సిద్ధం చేసే పని తగిలింది. కావాలనుకున్నవాళ్ళకి పని ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది.

పదో రోజు, మంగళవారం పొద్దున, ఎల్లాజీ అరుగు మీదే పోయాడు. అలా కూర్చునే పోయాడు.

సుభాషిణి వెళ్ళేసరికి పోలమ్మ ఏడుపు ఆపి, మొహం తుడుచుకుని అడిగింది. "ముందే తెలిస్తే బతికీవోడేనా అమ్మా?"

"ఏమో పోలమ్మా" అంది సుభాషిణి.

*

బుధవారం ఆమె పురుషోత్తం గది తలుపు కొట్టకుండానే తోసింది. అల్మారాలోని సీసాలన్నీ బల్ల మీద పెట్టించుకుంది. ఆయన ఈసారి వాదించలేదు. మనిషి చచ్చాడు మరి. పదమూడు మందినీ లేబ్ నడిపే చిన్న ఆసుపత్రికి రప్పించారు. సమావేశానికి రిపోర్టు రాసేటప్పుడు మాత్రం ఆయన మెల్లగా అన్నారు, "మొదట గమనించిన తేదీ అన్న చోట నిన్నటిది వేయండి. మీకూ మంచిది, నాకూ మంచిది." ఆమె నిన్నటి తేదీయే వేసింది.

గౌరినాయుడికి సంతకం కాగితం ఇచ్చినప్పుడు ఆయన పెన్ను తీసుకుని, చదవకుండానే అడిగాడు. "ఎక్కడ పెట్టాలి?"

"చదవండి. ఈ మందు ఎక్కితే మీరు మళ్ళీ పాత మనిషి అవుతారు. నా దగ్గర ఉండాలనిపించదు."

"మరలాంటి మందు నాకెందుకు? నీ పక్కన కూకుంటే నాకెంత హాయిగా ఉంటదో నీకేం తెలుసు. పందొమ్మిదేళ్ళలో ఇలాగ ఎప్పుడూ నేదు. దీన్ని ఎవుడన్నా పోగొట్టుకుంటాడేటి?" ఆయన ఆమె చెయ్యి అందుకున్నాడు. "నువ్వు పెట్టమంటే పెడతాను. నువ్వు చెప్తే ఏదైనా పెడతాను."

అక్కడే ఆమెకి గుండె పగిలింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆయన పెట్టే సంతకం ఆయనది కాదు. సుభాషిణి చెయ్యి విడిపించుకుని వెళ్ళి, ఓడల మందుతో జుట్టు మొదలు పాదాల దాకా కడుక్కుని, బంగారమ్మ చీర అడిగి కట్టుకుని, గదికి ఆ చివర కిటికీ దగ్గర నిలబడింది. గంట గడిచింది. మొదట గౌరినాయుడు ఆమెకోసం చూశాడు. తర్వాత గోడలు చూశాడు. తర్వాత కాగితం చేతిలోకి తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. రెండు చోట్ల వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, ఆమె వంక చూడకుండా బంగారమ్మకి ఇచ్చాడు.

*

మూడో రోజుకి మందు పూర్తయింది. నాలుగో రోజు పొద్దున సుభాషిణి వెళ్ళేసరికి గౌరినాయుడు మంచం మీద కూర్చుని నాలుగు ఇడ్లీలు తిని, ఇంకో రెండు తెమ్మంటున్నాడు. డిశ్చార్జి కాగితం ఇచ్చేశారు. ఆమెని చూసి తల ఊపాడు. చెయ్యి చాపలేదు. ఆమె మంచానికి దూరంగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. ఆయన తలూపిన తీరులో ఏముందో, ఏం లేదో అని వెతికింది. ఇన్నాళ్ళ అలవాటు అంత తొందరగా పోతుందా?

"సుభాషిణీ" అన్నాడు. రెండు నెలలుగా పేరు పెట్టి పిలవలేదు. "నాకు అన్నీ గురుతున్నాయి. అందులో నానెంతో, ఆ పురుగెంతో మాత్రం తెలీటం నేదు."

"నాకూ తెలియదు."

"కోర్టు తేదీ మళ్ళీ తీసుకోవాలేమో."

"తీసుకుందాం" అంది. ఈ మాట కోసం నాలుగు రోజులుగా సిద్ధపడే ఉంది. సిద్ధపడినందువల్ల నొప్పేమీ తగ్గలేదు.

గౌరినాయుడు ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "ఎల్లాజీ ఎప్పుడు పోనాడు?"

"మంగళవారం."

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

నిన్నటి తేదీ వేసిన కాగితం అప్పటికే వెళ్ళిపోయింది. దాని మీద రెండు సంతకాలున్నాయి. ఇదిగో, మంగళవారమే తెలిసిందంటే సరిపోయేది. ఈయన తనని అనుమానించే మనిషి కూడా కాదు. ఆ రోగం ఇంట్లో ఆమెకే ఉండేది.

"అంతకు పది రోజుల ముందు, శనివారం. మీకు మందు ఎక్కించడానికి పదకొండు రోజుల ముందు."

ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. బీచ్ దగ్గర ఆగినట్టున్నాడు, తలంబ్రాల దగ్గర ఆగినట్టున్నాడు. ఆమె చూస్తూ కూర్చుంది.

"అంటే ఆ పదకొండు రోజులూ అంటిపెట్టుకున్నది నాను కాదు. నువ్వు."

"అవును."

"తెలిసే."

"తెలిసే. రోజూ తొట్టెలో చేతులు ముంచుకుని మరీ వచ్చేదాన్ని."

గౌరినాయుడు కోప్పడతాడని ఎదురుచూసింది. కోప్పడితే బాగుండేది. ఆయన చాలా అలిసిన మొహంతో, మొదటిసారి కనిపించిన మనిషిని చూసినట్టు ఆమెని చూశాడు. ఆ చూపులో ఇష్టం ఉందో అసహ్యం ఉందో ఆమెకి అందలేదు. ఏదున్నా అది అచ్చంగా ఆయనదే.

"పోలమ్మకి తెలుసునా?"

"లేదు. అడిగింది. ఏమో అన్నాను."

ఆయన మంచం దిగి చెప్పులు వెతుక్కున్నాడు. కుట్టు దగ్గర చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. "ఎల్దాం పద."

"మీరెందుకు? నేను చెప్పాల్సింది నేను చెప్తాను. ఆవిడ కొడితే దెబ్బలు కూడా నేనే తింటాను."

"మూడు దినాలు ఆ అరుగు మీద వాడి పక్కన కూకున్నాను. ఆ మనిషి నాకేటీ కాడు, నిజమే. అయినా ఎల్దాం."

బయట ఎండ కాస్తోంది. ఆటో దొరికేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన, మధ్యన ఇంకో మనిషి పట్టేంత దూరంలో నిలబడ్డారు. ఆటో వచ్చింది. ఆయన ముందు ఎక్కి ఆ చివరికి జరిగి, ఆమెకి చోటు వదిలాడు. జాలారిపేట అని ఆటోవాడికి ఆయనే చెప్పాడు. సుభాషిణి ఎక్కి కూర్చుంది. ఎందుకు వస్తున్నారని మళ్ళీ అడగలేదు.